ఇంటి వంటచెరకుకు మొద్దులు చీల్చే యంత్రం: హైడ్రాలిక్‌దా, ట్రాక్టరు మరా?

పర్లాకిమిడి వాసి:
మా ఉమ్మడి కుటుంబంలో రోజువారీ వంట గ్యాసు మీదే అయినా, స్నానాల నీళ్లకూ, ధాన్యం ఉడకబెట్టడానికీ, శుభకార్యాలకూ ఇప్పటికీ కట్టెలే కావాలి. గొడ్డలి పట్టేవారు వలస పోతున్నందున యంత్రం కొనదలచాము. ఇంటి కరెంటుతో నడిచే 2 హార్స్‌పవర్ హైడ్రాలిక్ యంత్రం (నూనె ఒత్తిడితో పిస్టన్‌ను నెట్టి మొద్దును చీల్చేది) ఒకటి, ట్రాక్టరుకు తగిలించి తిప్పే శంకువు ఆకారపు మర మరొకటి చూశాము. మా దగ్గరున్నవి నీలగిరి, జీడిమామిడి, కొన్ని చింత దుంగలు. ఏది కొనమంటారు?

రాయగడ రైతు:
ట్రాక్టరు ఉన్నవారికి మరే మేలు. హైడ్రాలిక్‌లో పిస్టన్ ముందుకు పోయి వెనక్కి వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడాలి. మర కొన తాకీ తాకగానే మొద్దు విడిపోతుంది. పైగా మన పల్లెల్లో సాయంత్రం వోల్టేజి సంగతి అందరికీ తెలిసిందే.

గుణుపురం వడ్రంగి:
రాయగడవారు వేగం గురించి చెప్పినది నిజమే గాని, ఆ వేగమే నాకు భయం. హైడ్రాలిక్ యంత్రాల్లో చాలావాటికి రెండు చేతులతో రెండు మీటలు నొక్కితేనే పిస్టన్ కదిలే ఏర్పాటు ఉంటుంది, ఒక చేయి తీస్తే ఆగిపోతుంది. మర అలా కాదు. మొద్దును చేత్తో పట్టి దాని మీదికి తోయాలి, ముడి తగిలితే మొద్దే గిర్రున తిరుగుతుంది, తువ్వాలు కొసో చీర కుచ్చెళ్లో చిక్కితే మనిషి ట్రాక్టరు దగ్గరకు పరుగెత్తి ఆపే వ్యవధి ఉండదు. పిల్లలు తిరిగే ఇంటి పెరట్లో దానికి చోటు లేదని నా గట్టి అభిప్రాయం.

ఇక హైడ్రాలిక్ యంత్రం ఎన్ని టన్నుల బలంతో నెడుతుందన్న మాట. అట్ట మీద అచ్చు వేసిన అంకెను నమ్మకుండా సిలిండరు లోపలి వ్యాసం అడగండి. వ్యాసం 6 సెంటీమీటర్లయితే పిస్టన్ వైశాల్యం సుమారు 28 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 200 కిలోల పీడనంతో లెక్కిస్తే వచ్చేది ఐదున్నర టన్నులు దాటి కొంచెం మాత్రమే. పచ్చి నీలగిరికీ, జీడిమామిడికీ అది చాలు. మెలి తిరిగిన చింత మొద్దుకు చాలదు. దాన్ని పొట్టిగా కోయించి, అంచుల నుంచి పేళ్లుగా తీయాలి. నీలగిరిని నరికిన కొద్ది రోజుల్లోనే చీల్చండి, ఎండితే బిగుసుకుపోతుంది; చీల్చిన పేళ్లు ఆరడమూ త్వరగా అవుతుంది.

పర్లాకిమిడి వాసి:
మరి వోల్టేజి?

గుణుపురం వడ్రంగి:
వోల్టేజి తగ్గితే మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. సన్నటి వైరు దూరం లాగితే ఇంకా దెబ్బ. మందపాటి వైరు వేయించి, ఉదయం పూట పని పెట్టుకోండి. మొద్దు ఇరుక్కుంటే మీట అదిమి పట్టుకోకుండా, వెనక్కి తీసి, తిప్పి పెట్టండి.

రాయగడ రైతు:
2018 అక్టోబరు తిత్లీ తుపాను తర్వాత కూలినన్ని చెట్లు మళ్లీ పడితే, ఈ ఐదు టన్నుల యంత్రం ముందు ఎన్నాళ్లు కూర్చుంటారు? అప్పుడు నా మరే అడుగుతారు.

గుణుపురం వడ్రంగి:
అప్పుడైతే మరతోబాటు దాన్ని నడపడం తెలిసిన మనిషిని కూడా మీరే పంపాలి. ఏటా ఇంటికి కావలసిన కట్టెల కోసం మాత్రం దాన్ని కొనమని నేను చెప్పను.