రీమార్ట్‌గేజ్ టైమ్‌కి చేతిలో 60 వేల పౌండ్లు ఉన్నాయి: ఆఫ్‌సెట్ తీసుకోవాలా?

రీడింగ్ కిరణ్
ఇక్కడ బ్రిటన్‌లో మా ఇంటి లోన్ మీద ఫిక్స్ (కొన్నేళ్ళ పాటు వడ్డీ రేటు మారని డీల్) త్వరలో అయిపోతోంది. రీమార్ట్‌గేజ్ చేయాలి, అంటే కొత్త డీల్‌కి మారాలి. ఇంకా 2,40,000 పౌండ్ల అప్పు ఉంది, పొదుపు 60,000. బ్రోకర్ రెండు దారులు చూపించాడు. మామూలు ఫిక్స్ 4.3 శాతం, ఆఫ్‌సెట్ అయితే 4.8. ఆఫ్‌సెట్‌లో మన పొదుపును అదే బ్యాంకులో లోన్‌కి జతచేసిన ఖాతాలో పెట్టాలి. దానికి వడ్డీ ఇవ్వరు, కానీ లోన్‌లో 1,80,000 మీదే మన దగ్గర వడ్డీ తీసుకుంటారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. నేను 40 శాతం పన్ను కడుతున్నాను, మా ఆవిడకు ఇప్పుడు ఉద్యోగం లేదు. ఏది మేలు?

గోదారి బిడ్డ
వద్దు తమ్ముడూ. 60 వేలు వాళ్ళ దగ్గర పెడితే ఒక్క పెన్నీ వడ్డీ ఇవ్వరు, పైగా అర శాతం ఎక్కువ రేటు. రెండు వైపులా లాభం బ్యాంకుకే. ఇండియాలో ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీ (విదేశాల్లో ఉండేవాళ్ళు రూపాయల్లో వేసుకునే డిపాజిట్) వేసుకో. వడ్డీ ఎక్కువ, పన్ను లేదు.

ఎంకే ప్రసాద్
గోదారి బిడ్డ గారూ, వడ్డీ రాదన్నది నిజమే. కానీ కట్టాల్సిన వడ్డీ తగ్గుతుంది కదా, అదీ లెక్కలోకి రావాలి. కిరణ్ గారి అంకెలతోనే మొదటి ఏడాదికి చూద్దాం.

మామూలు ఫిక్స్ అయితే వడ్డీ 10,320. 60 వేలు వేరే చోట 4 శాతానికి పెడితే 2,400 వస్తుంది. 40 శాతం స్లాబులో 500 వరకే పన్ను మినహాయింపు, మిగతా 1,900 మీద 760 పోతుంది. చేతికి 1,640. అంటే నికరంగా ఖర్చు 8,680.

ఆఫ్‌సెట్‌లో 1,80,000 మీద 4.8 శాతం, 8,640. ఇలా కట్టకుండా మిగిలిన వడ్డీ ఆదాయం కాదు కాబట్టి దాని మీద పన్ను ఉండదు. రెండింటికీ తేడా 40 పౌండ్లు.

అసలు చూడాల్సింది మూడో దారి. పాత డీల్ అయిపోయిన రోజున 60 వేలూ కట్టేసి, 1,80,000కే 4.3 శాతంతో కొత్త లోన్ తీసుకుంటే వడ్డీ 7,740. ఆఫ్‌సెట్ కంటే 900 తక్కువ. డబ్బు ఎప్పుడైనా తీసుకునే వీలుకి మీరు ఏటా ఇచ్చే ధర ఆ 900. అది మీకు అవసరమా కాదా అన్నదే ప్రశ్న. ఇంకొకటి, అప్పు కట్టేయాలనుకుంటే ఆ రోజే కట్టాలి. కొత్త ఫిక్స్ మొదలయ్యాక చాలా బ్యాంకులు ఏడాదికి 10 శాతానికి మించి కడితే జరిమానా వేస్తాయి.

స్లౌ శీను
ఐసా అనే పొదుపు ఖాతా సంగతి ఎవరూ ఎత్తలేదేం? అందులో వడ్డీకి పన్నే లేదు.

లెస్టర్ లత
ప్రసాద్ గారూ, ఇంట్లో ఉద్యోగం లేని మనిషి ఉన్నారని కిరణ్ గారు రాశారు కదా. 60 వేలూ ఆవిడ పేరు మీద మామూలు పొదుపు ఖాతాలో పెడితే 2,400కీ పన్ను లేదు. వేరే ఆదాయం లేని మనిషికి 12,570 వరకు పన్నే ఉండదు. అప్పుడు నికర ఖర్చు 7,920, ఆఫ్‌సెట్ కంటే 720 తక్కువ. భార్య పేరు లెక్కలోకే రాకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది.

గోదారి బిడ్డ
ఎన్ని లెక్కలేసినా 60 వేల మీద సున్నా వడ్డీ అన్నది మారదు. నేను అన్నదానికి జవాబు రాలేదు.

ఎంకే ప్రసాద్
జవాబు చెప్పాను. మీ ఎన్‌ఆర్‌ఈ సంగతి కూడా చూద్దాం. ఆ వడ్డీకి పన్ను లేనిది ఇండియాలో. ఇక్కడ ఏళ్ళ తరబడి ఉంటున్నవాళ్ళు ప్రపంచంలో ఎక్కడ వచ్చిన వడ్డీ అయినా ఇక్కడ చూపించి పన్ను కట్టాలి. 2025 ఏప్రిల్ నుంచి పాత నాన్-డామ్ వెసులుబాటు (శాశ్వత నివాసం వేరే దేశం అన్నవాళ్ళు విదేశీ ఆదాయాన్ని ఇక్కడికి తేకపోతే పన్ను కట్టక్కర్లేదన్నది) కూడా పోయింది, కొత్తగా వచ్చినవాళ్ళకు మాత్రం మొదటి నాలుగేళ్ళు మినహాయింపు ఉంది. ఖాతాల వివరాలు రెండు దేశాల మధ్య వెళ్తూనే ఉంటాయి. ఇక రూపాయి. 2022 అక్టోబరులో పౌండు వంద రూపాయల లోపు, 2025 జూలైకి 115 దాటింది. ఆ డబ్బు మళ్ళీ పౌండ్లలోకి మార్చాలంటే మీరు చెప్పే ఎక్కువ వడ్డీలో ఎంత మిగులుతుంది?

గోదారి బిడ్డ
పౌండ్లలోకి ఎందుకు మార్చాలి? నేను మార్చను. నాకు జరిగింది చెప్తా. కొన్నేళ్ళ కిందట మీలాంటి పెద్దమనిషే "అప్పు తగ్గించుకో" అంటే చేతిలో ఉన్నదంతా లోన్‌కి కట్టాను. కొన్ని నెలలకే కాకినాడలో నాన్నకు గుండె ఆపరేషన్. కట్టిన డబ్బు వెనక్కి అడిగితే, కొత్తగా అప్పుకి దరఖాస్తు పెట్టుకో అంది బ్యాంకు. పే స్లిప్పులు, ఇంటి విలువ అంచనా, వారాల తరబడి టెన్షన్. స్నేహితుల దగ్గర చేబదులు తీసుకుని పంపాను. ఆ రోజు నుంచి ఈ ఇంటి మీద అదనంగా ఒక్క పౌండు పెట్టను.

ఎంకే ప్రసాద్
నాన్నగారి విషయం విని బాధేసింది. కానీ అన్నా, మీరు చెప్పింది ఆఫ్‌సెట్‌కి వ్యతిరేకంగా కాదు, అనుకూలంగా. ఆఫ్‌సెట్ ఉంటే ఆ రోజు డబ్బు మీ చేతిలోనే ఉండేది.

గోదారి బిడ్డ
మీకు అంకెలు తప్ప ఇంకేమీ కనపడదా? నా పొదుపు ఈ ఇంటి కోసం కాదు. తిరిగి వెళ్ళిపోవడానికి. అది ఇక్కడ లోన్ పక్కన కూర్చుంటే ఏళ్ళు గడిచేకొద్దీ ఆ లోన్‌లోనే కలిసిపోతుంది, మనమూ ఇక్కడే ఉండిపోతాం. నా కళ్ళ ముందే ఎంతమందికి అలా జరిగింది! అందుకే వద్దంటున్నా.

లెస్టర్ లత
ఇప్పుడు అసలు మాట వచ్చింది. ఆ పొదుపు దేనికో, ఎవరిదో తేల్చకుండా ఇంతసేపు రేట్లు మాట్లాడుకున్నాం. మాకు ఆఫ్‌సెట్ ఉండేది. ఖాతా ఆయన పేరు మీద. నా జీతంలో మిగిలింది కూడా "లోన్ వడ్డీ తగ్గుతుంది" అని అందులోనే వేశాను. ఒకరోజు చూస్తే సగం లేదు. షాద్‌నగర్ దగ్గర వాళ్ళ తమ్ముడి ప్లాట్‌కి పంపేశారు. ఎప్పుడైనా తీసుకోవచ్చు అన్న వీలు ఇంట్లో ఎవరికి దక్కుతుందో కూడా చూసుకోండి. కిరణ్ గారూ, మీ 60 వేలు ఎవరి సంపాదన?

రీడింగ్ కిరణ్
అడిగారు కాబట్టి చెప్తాను. అందులో 25 వేలు మా ఆవిడకు వాళ్ళ నాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం అమ్మగా వచ్చినవి. మిగతా 35 నా జీతంలోవి.

స్లౌ శీను
అయితే ఆ 25 ముట్టుకోకు బ్రో.

ఎంకే ప్రసాద్
ఈ ముక్క మొదటి పోస్టులోనే ఉండాల్సింది. 25 వేలు ఆవిడ పేరు మీదే పొదుపు ఖాతాలో ఉంచండి. 4 శాతానికి వెయ్యి పౌండ్లు వస్తాయి, పన్ను లేదు. మీ 35 వేలు రీమార్ట్‌గేజ్ రోజున కట్టేస్తే 2,05,000 మీద వడ్డీ 8,815. వెయ్యి తీసేస్తే 7,815. మొత్తం కట్టేసిన దానికంటే 75 పౌండ్లే ఎక్కువ, ఆవిడ డబ్బు ఆవిడ దగ్గరే ఉంటుంది.

గోదారి బిడ్డ
ఆవిడ 25 విషయంలో నేనూ ఒప్పుకుంటా. మిగతా 35 కట్టేశాక మీ ఊళ్ళో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఏం చేస్తావు తమ్ముడూ? ఆవిడ ముందు చెయ్యి చాపుతావా?

లెస్టర్ లత
భార్యను అడగడం చెయ్యి చాపడం ఎలా అవుతుందండీ?

రీడింగ్ కిరణ్
ఇదంతా మా ఆవిడా చదివింది. 25 వేలు తన పేరు మీదే, అందులో వాదన లేదు. 35 దగ్గరే ఆగిపోయాం. పిల్లాడు సెకండరీ స్కూలుకి వెళ్ళేలోపు హైదరాబాద్ వెళ్ళిపోవాలని నాకుంది, తనకు లేదు. వెళ్ళేటట్టయితే ఐదేళ్ళ ఫిక్స్ కూడా వద్దేమో. మధ్యలో ఇల్లు అమ్మి లోన్ తీర్చేస్తే జరిమానా కట్టాలి కదా.

ఎంకే ప్రసాద్
అవును, అప్పుడు రెండేళ్ళ ఫిక్స్ చూడాలి. ఈలోగా ప్రస్తుత బ్యాంకులోనే ఒక రేటు బుక్ చేసి పెట్టుకోండి. కొత్త డీల్ మొదలవకముందు మార్చుకోనిస్తారో లేదో బ్రోకర్‌ని అడగండి, చాలామంది ఇస్తారు. ఏదీ ఎంచుకోకుండా గడువు దాటితే స్టాండర్డ్ వేరియబుల్ రేటులో (బ్యాంకు తనకు నచ్చినట్టు మార్చుకునే, మామూలుగా ఫిక్స్ కంటే బాగా ఎక్కువ ఉండే రేటు) పడతారు. మనం ఇక్కడ కొట్లాడుకున్న 900 దాని ముందు చిన్న మొత్తం.