విశాఖ లైడార్ మ్యాప్‌లో ఉదయపు తేమ వల్ల కాలుష్యం ఎక్కువగా కనిపిస్తోంది, సవరణ ఎలా?

నమస్కారం. పోర్టు వైపు బొగ్గు ధూళి ఎంత దూరం వస్తోందో మ్యాప్ చేయడానికి మేడ మీద స్కానింగ్ లైడార్ (లేజర్ కాంతిని పంపి, గాలిలోని కణాల నుంచి తిరిగొచ్చే కాంతిని కొలిచే పరికరం) పెట్టాం. లేజర్ 532 నానోమీటర్లు, డీపోలరైజేషన్ ఛానల్ (తిరిగొచ్చే కాంతి ధ్రువణం ఎంత మారిందో కొలిచేది; గుండ్రటి తడి కణాలకు తక్కువ, గరుకు ధూళికి ఎక్కువ) ఉంది, రేంజ్ బిన్ (దూరాన్ని విడగొట్టిన ఒక్కో ముక్క) 7.5 మీటర్లు. ఎత్తు కోణం 2 డిగ్రీలు, చుట్టూ 5 డిగ్రీలకో దిశ, ఒక్కో దిశకు 30 సెకన్ల సగటు.

మధ్యాహ్నం తేమ 60 శాతం ఉన్నప్పుడు ఎక్స్‌టింక్షన్ (గాలిలో కాంతి ఎంత తగ్గిపోతుందో చెప్పే విలువ) కిలోమీటరుకు 0.3 దగ్గర ఉంటుంది. ఉదయం 5 నుంచి 8 దాకా తేమ 90 శాతానికి చేరితే అది 0.9. అదే సమయంలో పక్కనే ఉన్న పీఎం10 (10 మైక్రాన్ల లోపు ధూళి కణాల) మీటరు దాదాపు కదలదు. దాని ఇన్‌లెట్ వేడిచేసి గాలిని ఆరబెడుతుంది కదా.

మొదట లైడార్ కిటికీ అద్దం మీద మంచు అనుకున్నాం. తెల్లవారుజామున తుడిస్తే నిజంగానే సన్నని తడి పొర వచ్చింది. హీటర్ బిగించాక పొర పోయింది, తేడా మాత్రం పోలేదు. టెలిస్కోప్ మూసి డార్క్ సిగ్నల్ (కాంతి లేకున్నా వచ్చే సిగ్నల్) కొలిచి తీసేశాం. 250 మీటర్ల లోపు ఓవర్‌లాప్ (లేజర్ కిరణం టెలిస్కోప్ చూపులోకి పూర్తిగా రావడం) సరిగా ఉండదు కాబట్టి ఆ భాగం వదిలేశాం. లైడార్ నిష్పత్తిని (ఎక్స్‌టింక్షన్‌కూ వెనక్కి చెదిరే కాంతికీ మధ్య నిష్పత్తి) సముద్రం వైపు 50 నుంచి 25 స్టెరేడియన్లకు మార్చాం. గామా (తేమతో కణాలు ఉబ్బి ఎక్స్‌టింక్షన్ ఎంత పెరుగుతుందో చెప్పే ఘాతాంకం) 0.6తో తేమ సవరణ చేస్తే 85 శాతం దాకా బాగానే ఉంది. ఆపైన తీరం వైపు ఉప్పు కణాల ఉబ్బు మిగిలిపోతోంది, బొగ్గు కుప్పల వైపు అసలు ధూళే చెరిగిపోతోంది. బొగ్గు నీటిని పెద్దగా పీల్చదు, అందుకే అన్ని దిశలకూ ఒకే గామా కుదరడం లేదని నా అంచనా. డీపోలరైజేషన్ తీరం వైపు 3 శాతం, కుప్పల వైపు 12 శాతం.

85 శాతం దాటిన తేమలో, ఈ డీపోలరైజేషన్ విలువను బట్టి ఒక్కో బిన్‌కు గామా ఎలా నిర్ణయించాలి?