గ్లోబు మీది అక్షాంశాలు, రేఖాంశాలు: పిల్లలకు ఎలా వివరిస్తున్నారు?

బడిపంతులు: అక్షాంశాలు అడ్డంగా, రేఖాంశాలు నిలువుగా ఉంటాయని కంఠస్థం చేయించడం తేలికే. అయితే గ్లోబును వంచి ధ్రువం వైపు నుంచి చూపించగానే ఆ అడ్డూ నిలువూ మాయమై, ఒకదానిలో ఒకటి ఒదిగిన వృత్తాలూ, నడిమి చుక్క నుంచి నలువైపులకూ పోయే గీతలూ మాత్రమే కనిపిస్తాయి. అప్పుడు పిల్లలు తికమక పడుతున్నారు. మీ అనుభవంలో ఏ పద్ధతి పనికొచ్చింది?

పటాలపిచ్చి: కోణంతో మొదలుపెట్టడం మేలండీ. భూకేంద్రం నుంచి మనకు కావలసిన చోటికి ఒక గీతను, ఆ చోటుకు సూటిగా దక్షిణానో ఉత్తరానో భూమధ్యరేఖ మీదున్న బిందువుకు మరొక గీతను ఊహిస్తే, ఆ రెంటి నడుమ కోణమే అక్షాంశం. ఆ కోణం 30 డిగ్రీలుగా ఉండే ఉత్తరార్ధగోళపు చోట్లన్నీ కలిస్తే 30 డిగ్రీల ఉత్తర అక్షాంశ వృత్తం వస్తుంది. 90 డిగ్రీలకు చేరేసరికి ఆ వృత్తం చుక్కగా మారిపోతుంది కనుక అంతకు మించిన అక్షాంశం లేదు. రేఖాంశం మాత్రం ధ్రువం నుంచి ధ్రువానికి పోయే అర్ధవృత్తం. సున్నా రేఖాంశం పోయే లండన్‌లోని గ్రీనిచ్ నుంచి తూర్పుకో పడమరకో ఎంత తిరిగామో చెబుతుంది, అందుకే 180 దాకా పోతుంది.

దారపుండ: దానికి తోడు ఒక దారం ముక్క చాలు. భూమధ్యరేఖ వెంబడి పక్కపక్కనున్న రెండు రేఖాంశాల మధ్య దూరాన్ని దారంతో కొలిచి తెంపి, అదే ముక్కను 60 డిగ్రీల అక్షాంశం వెంబడి పరిస్తే, అది రెండు గళ్ళను దాటి మూడో గీతను తాకుతుంది. ఒక డిగ్రీ రేఖాంశం భూమధ్యరేఖ వద్ద సుమారు 111 కిలోమీటర్లయితే అక్కడ దాదాపు 56, ధ్రువం వద్ద సున్నా. అక్షాంశాల మధ్య దూరం మాత్రం ఎక్కడైనా డిగ్రీకి దాదాపు 111 కిలోమీటర్లే. నారింజ తొనల పోలిక రేఖాంశాలకు బాగానే అతుకుతుంది గానీ, అక్షాంశాల దగ్గర అక్కరకు రాదు.

రాత్రిఆకాశం: సున్నా ఎక్కడ అన్నది కూడా చెప్పాలి. భూభ్రమణం వల్ల ధ్రువాలూ భూమధ్యరేఖా వాటంతట అవే ఏర్పడ్డాయి. సున్నా రేఖాంశానికి ప్రకృతిలో అలాంటి ఆధారం లేదు కాబట్టి, 1884లో వాషింగ్టన్ సమావేశంలో గ్రీనిచ్‌ను ఎంచుకున్నారు. ఉత్తరార్ధగోళంలో ధ్రువనక్షత్రం దిగంతం నుంచి ఎన్ని డిగ్రీల ఎత్తున ఉంటే అక్షాంశం దాదాపు అంత. రేఖాంశానికి గడియారం కావాలి: భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కనుక, స్థానిక సమయానికీ గ్రీనిచ్ సమయానికీ ఉన్న తేడానే లెక్క. నడిసముద్రంలో నమ్మదగిన గడియారం జాన్ హారిసన్ 18వ శతాబ్దంలో చేసిచూపే దాకా నావికులకు ఇది పెద్ద చిక్కే.

బడిపంతులు: దారం పద్ధతి రేపే మొదలుపెడతాను. పెద్ద తరగతుల వారికి ఇంకేమైనా చెప్పాలా?

కోడుగీసేవాడు: అంకెలు రాసే వరుస చెప్పండి. మామూలుగా అక్షాంశాన్ని ముందు రాస్తాం, కొన్ని సాఫ్ట్‌వేర్లు రేఖాంశాన్ని ముందు అడుగుతాయి. 20 ఉత్తరం, 80 తూర్పు తారుమారైతే ఉష్ణమండలంలోని చోటు ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో తేలుతుంది. రేఖాంశం 90 దాటితే అక్షాంశంగా చెల్లదు కాబట్టి సాఫ్ట్‌వేరే అభ్యంతరం చెప్పవచ్చు. 90 లోపు అంకెలకు ఆ కాపలా ఉండదు.