మూట్‌కోర్టు అయిపోయింది, మళ్లీ మాక్ ట్రయల్ ఎందుకు?

ఫైనల్ ఇయర్ విద్యార్థిని:
మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చివరి సెమిస్టర్‌లో ఉన్నా. క్లినికల్ (ప్రాక్టికల్) పేపర్‌లో మూట్‌కోర్టుకు (సెక్షన్ల మీద నమూనా వాదన) 30 మార్కులు, ఒక సివిల్, ఒక క్రిమినల్ కేసు విచారణ చూసి రాసే రికార్డుకు ఇంకో 30. రెండూ పూర్తి చేశా. ఇప్పుడు మా మేడమ్ మాక్ ట్రయల్ (సాక్షులతో నడిపే నమూనా విచారణ) కూడా పెడదాం అంటున్నారు. దానికి మార్కులు లేవు, రెండు శనివారాలు పోతాయి, అవతల పరీక్షల టెన్షన్. ప్రాక్టీసులో నిజంగా పనికొస్తుందా, లేక నల్లకోటు వేసుకుని ఫొటోలు దిగడమేనా?

గుంటూరు జూనియర్:
ఫొటోలు మేమూ దిగాం. అయినా చేయమ్మా. మూట్‌లో ఫ్యాక్ట్స్ రాసిచ్చేస్తారు, సెక్షన్ల మీదే వాదన. ట్రయల్‌లో కొట్లాటంతా ఆ ఫ్యాక్ట్స్ మీదే.

మా కాలేజీలో పెట్టింది కొట్లాట కేసు. నేను డిఫెన్స్, మా రూమ్మేట్ సాక్షి. చీఫ్‌లో (సాక్షిని పిలిచిన పక్షమే ముందు అడిగేటప్పుడు) వాడు "ఇనప రాడ్డుతో కొట్టాడు" అన్నాడు. దర్యాప్తులో పోలీసులకిచ్చిన 161 (పాత సీఆర్‌పీసీ సెక్షన్) స్టేట్‌మెంట్‌లో ఉన్నది "కర్ర". నాకిక పండగే. "కర్ర అని చెప్పారా లేదా?" అంటే "చెప్పలేదండి" అన్నాడు. కాగితం ఊపుతూ జడ్జి వైపు తిరిగా. జడ్జిగా కూర్చున్న రిటైర్డ్ పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారు కళ్లజోడు తీసి, "ఆ కాగితం సాక్ష్యం కాదు బాబూ. ఆ వాక్యం సాక్షికి చదివి వినిపించు. రేపు ఐఓ (దర్యాప్తు అధికారి) బోనెక్కితే, సాక్షి తనతో అలాగే చెప్పాడని అతనితో అనిపించు" అన్నారు.

చదివి వినిపించా. కాసేపటికి ఐఓ వచ్చాడు. పంచనామా అడిగా, రఫ్ స్కెచ్ అడిగా, కర్ర సంగతి మాత్రం మర్చిపోయా! వచ్చి కూర్చున్నాక గుర్తొచ్చింది. తీర్పులో నాకు దక్కింది ఒక్క ముక్క: కాంట్రడిక్షన్ (సాక్షి మాట మార్చాడన్నది) రుజువు కాలేదు. పరీక్షలో, ఈ స్టేట్‌మెంట్లను ఎలా వాడాలో చెప్పే సీఆర్‌పీసీ 162 మీద రెండు పేజీలు రాసి వచ్చినవాణ్ణి మరి. (2024 జులై 1 నుంచి ఆ 162 కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 181.) ఇప్పుడు నాలుగేళ్ల ప్రాక్టీసు. క్రాస్ (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడం) అవ్వగానే ఫైలు అట్ట లోపల పెన్సిల్‌తో "ఐఓని అడగాలి" అని రాసుకోనిదే బయటికి రాను.

వరంగల్ కోర్టు పక్షి:
తమ్ముడు చెప్పింది నిజమే గానీ, చాలా కాలేజీల్లో జరిగేది నాటకం. ప్రశ్నలూ జవాబులూ ముందే బట్టీ. అసలు కోర్టులో సాక్షి మన దారిన రాడు. ఒకాయన నేనడిగిన ప్రతిదానికీ "అవునండి" అన్నాడు, సంబరపడ్డా. తర్వాత పీపీ రీ-ఎగ్జామినేషన్‌లో (క్రాస్ అయ్యాక తన సాక్షిని మళ్లీ అడగడం) అడిగినదానికీ "అవునండి" అనే అన్నాడు. పైగా మనం వేసిన సజెషన్లన్నీ (మన వాదనను సాక్షి ముందు పెట్టే ప్రశ్నలు) డిపాజిషన్‌లో (సాక్షి చెప్పింది కోర్టు రాసుకునే కాగితం) "...అనడం నిజం కాదు" అని వరసగా దిగుతాయి. ఆ వాక్యం చదివితే గానీ మన ప్రశ్న ఎంత వంకరగా ఉందో తెలియదు. కాబట్టి మాక్ ట్రయల్‌లోనూ ఎవరో ఒకరు కూర్చుని డిపాజిషన్ రాయాలి. సాక్షికి అతని స్టేట్‌మెంట్ తప్ప ఇంకే కాగితం ఇవ్వొద్దు. కుదిరితే లా చదవని మనిషిని పట్టుకోండి.

ఫైనల్ ఇయర్ విద్యార్థిని:
థాంక్సండీ ఇద్దరికీ. మేడమ్‌కి సరే అన్నా. మా క్యాంటీన్ అన్నని అడిగితే, ముద్దాయిగా అయితే రాడట, సాక్షిగా అయితే వస్తాడట. అదీ మధ్యాహ్నం మూడు తర్వాతే.