పెర్సెవాల్ సినిమాలో కోటలు, చెట్లు అలా ఎందుకున్నాయి?

రాత్రి_ఆట:
ఎరిక్ రోమర్ తీసిన పెర్సెవాల్ (1978) నిన్న పెట్టా. చెట్లేమో రేకుతో చేసిన గుండ్రటి బంతులు, కోటలు బంగారు రంగేసిన బొమ్మరిళ్ళు, ఆకాశం పరదా మీద పెయింటింగ్, గుర్రాలు మాత్రం నిజమైనవి! డబ్బుల్లేక ఇలా తీశారా, కావాలనే చేశారా?

పాతరీలు:
కావాలనేనండీ. పెర్సెవాల్ అనే కుర్ర యోధుడి కథ ఇది, 12వ శతాబ్దంలో ఫ్రెంచి కవి క్రెతియాఁ ద్ త్రువా రాసింది, ఆ పద్యాల్ని రోమరే ఇప్పటి ఫ్రెంచిలోకి పద్యాలుగానే మార్చుకున్నాడు, సెట్‌నీ అలాగే అప్పటివాళ్ళు గీసిన బొమ్మల్లోంచి తీశాడు. ఆ బొమ్మల్లో మనిషికీ కోటకీ కొలత కుదరదు, మనిషి ముఖ్యం కాబట్టి కోట చిన్నదైపోతుంది. నేల కూడా వంపు తిరిగి ఉంటుంది చూడండి, పెర్సెవాల్ ఎంత దూరం పోయినా అవే చెట్ల చుట్టూ తిరుగుతుంటాడు. పాత్రలు తమ గురించి తామే "అతనిలా అన్నాడు" అని చెప్పుకుంటాయి కదా, మన హరిదాసుగారు చేసే పనే అది. తమాషా ఏంటంటే ఈ సెట్లో కెమెరా నెస్తోర్ అల్మెంద్రోస్ది, అదే ఏడాది వచ్చిన డేస్ ఆఫ్ హెవెన్‌లో పొద్దుగూకే వెలుగు కోసం పొలాల్లో కాచుక్కూర్చున్నది కూడా ఆయనే.

కాఫీ_తర్వాత:
ఏమో బ్రో, నాకైతే నాటకం చూసినట్టుంది. బ్రెస్సాఁ తీసిన ఇలాంటి యోధుల సినిమా లాన్సెలాట్ (1974) చూడు, నిజం అడవి, కవచాల గలగల, పోటీ సీన్‌లో గుర్రాల కాళ్ళే ఎక్కువ కనిపిస్తాయి. అదీ మామూలు సినిమాలా ఉండదనుకో, కానీ బురద బురదలాగే ఉంటుంది.

పాతరీలు:
బురదుంటేనే నిజమా? మార్సెల్ కార్నే తీసిన లే విజితర్ దు స్వార్ (1942) చూడండి, కథ 1485లో, కోట తెల్లగా మెరిసిపోతుంటుంది. మనం శిథిలాలు చూసీ చూసీ కోటంటే నల్లబడ్డ రాయే అనుకుంటాం, అందులో ఉన్నవాళ్ళకి అది కొత్త ఇల్లు కదండీ, గృహప్రవేశం రోజు సున్నం వాసన కొడుతూనే ఉండుంటుంది. ఆ సెట్లు వేసిన అలెగ్జాండర్ ట్రౌనర్ యూదుడు, ఫ్రాన్స్ జర్మన్ల ఆక్రమణలో ఉన్నప్పుడు దాక్కుని గీశాడు, బయటికి పేరు జార్జ్ వాకెవిచ్‌ది.

రాత్రి_ఆట:
అయ్యో, ఈ సంగతి తెలీదు. పెర్సెవాల్ మళ్ళీ అరగంట చూశానండీ. చెట్లు అలవాటైపోయాయి, ఇప్పుడు గుర్రమే తేడాగా కనిపిస్తోంది 😀