మిక్సీ వేస్తే ఏడుస్తాడు, సెన్సరీ థెరపీ పనిచేస్తుందా?

ప్రశ్న: మా బాబుకి 5 ఏళ్లు, ఆటిజం. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని ఏడుస్తాడు, చొక్కా లేబుల్ తగిలినా విప్పేస్తాడు, ఉయ్యాల మాత్రం ఎంతసేపైనా కావాలి. సెన్సరీ ఇంటిగ్రేషన్ థెరపీ చేయించమంటున్నారు. ఉపయోగమా, ఊరికే ఊగించడమేనా?

జవాబు 1: చూస్తే అలాగే ఉంటుందండీ, నాకూ మొదట్లో ఒళ్లు మండింది! ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు చేసుకునేలా సాయపడే నిపుణురాలు) జీన్ ఐర్స్ రూపొందించిన పద్ధతి, 1972లోనే దీనిమీద పుస్తకం రాశారు. బ్యాలెన్స్, స్పర్శ, కండరాల కదలికల్ని పిల్లాడికి నచ్చిన ఆటలోనే కలిపి, కష్టం కొద్దికొద్దిగా పెంచుతారు.

జవాబు 2: 2012లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ (అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం) ఈ థెరపీ పనిచేస్తుందనడానికి ఆధారాలు పరిమితమే అంది. ‘ఏడవకుండా చొక్కా వేసుకోవడం’ లాంటి లక్ష్యం ముందే రాసుకోండి, కొన్ని నెలల్లో మార్పు లేకపోతే ఆపేయండి. దీనికోసం స్పీచ్ థెరపీ మాత్రం మానేయకండి.

జవాబు 3: ఈలోగా లేబుళ్లు కత్తిరించేయండి, మిక్సీ వేసేముందు వాడికి చెప్పండి.