ఫుట్‌పాత్ మీద, షెల్టర్లలో ఉండే పిల్లలు: బడిలో వాళ్ల పేరు, చదువు లెక్క తప్పిపోకుండా ఎలా చూడాలి?

ప్రశ్న: ప్రాథమిక పాఠశాల టీచర్, హైదరాబాద్

అందరికీ నమస్కారం. మా బడి అఫ్జల్‌గంజ్‌కు దగ్గర్లో ఉంటుంది. పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాట కార్యక్రమంలో ఉస్మానియా ఆసుపత్రి చుట్టూ ఫుట్‌పాత్‌ల మీద, ఇమ్లిబన్ బస్‌స్టేషన్ పక్కన పడుకునే కుటుంబాల పిల్లల్ని చేర్చుకున్నాం. కొన్ని వారాలు బాగానే వచ్చారు. దసరా తర్వాత చాలామంది కనిపించడం లేదు. లాంగ్ అబ్సెంట్ కదా, పేర్లు తీసేద్దాం అనే మాట స్టాఫ్ రూంలో వినిపిస్తోంది. మా దగ్గర రెండో తరగతి చదివిన ఒక పాపను ఇంకో బడిలో మళ్లీ ఒకటిలో కూర్చోబెట్టారట. చాలామందికి ఆధార్ లేదు, అడ్రస్ అసలే లేదు. వీళ్ల ఎఫ్‌ఏ (ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షల) మార్కులు సగం ఖాళీ. పేరు ఉంచాలా, తీయాలా? బడి మారినా చదువు లెక్క తెగకుండా ఏం చేయాలి? చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: రిటైర్డ్ హెచ్‌ఎం

అమ్మా, ముందు ఆ పేర్లు కొట్టేయొద్దు. పిల్ల ఫలానా బడిలో చేరింది అని రూఢిగా తెలిసేదాకా మీ రిజిస్టర్‌లో పేరు ఉండాల్సిందే. పేరు పోయిందంటే ఆ పిల్లను ఇక ఎవరూ వెతకరు. చెప్పకుండా 45 రోజులు, అంతకు మించి రాని పిల్లను బడి బయటి పిల్లగా లెక్కించాలని కేంద్రం ఇచ్చిన నిర్వచనం చెబుతుంది. దాన్ని చాలామంది పేరు తీసేయడానికి అనుమతిగా అర్థం చేసుకుంటారు. దాని ఉద్దేశం వేరు: ఇక వెతకండి, ప్రత్యేక శిక్షణ ఇవ్వండి అని.

చట్టం మీ వైపే ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టంలో సెక్షన్ 4 ప్రకారం పిల్లను వయసుకు తగ్గ తరగతిలో చేర్చాలి. వెనకబడి ఉంటే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. అందుకు నిబంధనల్లో మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా వ్యవధి ఉంది. కాబట్టి మీ పాపను ఒకటిలో కూర్చోబెట్టడం తప్పు. ఆ హెచ్‌ఎం గారితో మీ హెచ్‌ఎం గారి చేత మాట్లాడించండి, చాలాసార్లు మాటతోనే సరిపోతుంది. టీసీ రాలేదని చేర్చుకోవడం ఆపకూడదని సెక్షన్ 5, వయసు ధ్రువపత్రం లేదని ఆపకూడదని సెక్షన్ 14 చెబుతాయి. వయసుకు తల్లి రాసిచ్చే ప్రకటన చాలు. ఆధార్ లేదని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 26 తీర్పులో స్పష్టంగా చెప్పింది.

జవాబు: సీఆర్పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్), యూడైస్ ఎంట్రీ చూసే వ్యక్తి

హెచ్‌ఎం సార్ చెప్పింది నిజం. నేను కంప్యూటర్ వైపు సంగతి చెబుతాను, మేడమ్.

2022-23 నుంచి యూడైస్ ప్లస్‌లో, అంటే దేశంలోని బడుల వివరాలు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటులో, పిల్లల వివరాలు ఒక్కొక్కరివి విడిగా ఎక్కుతున్నాయి. అక్కడ ప్రతి పిల్లకూ వచ్చే శాశ్వత విద్యా సంఖ్య, అంటే పెన్ నంబరే ఈ పిల్లలకు అసలు ఆధారం. అపార్ అనే ఇంకో విద్యార్థి ఐడీకి ఆధార్, తల్లిదండ్రుల సమ్మతి కావాలి. పెన్‌కు ఆధార్ తప్పనిసరి కాదు. కాబట్టి అపార్ రాలేదని కంగారు పడకండి, పెన్ మాత్రం వదలకండి.

పిల్ల బడి వదిలిందని మీరు నమోదు చేస్తే పేరు ఆ వెబ్‌సైటులోనే డ్రాప్ బాక్స్ అనే జాబితాలోకి వెళ్తుంది. కొత్త బడి వాళ్లు పెన్, పుట్టిన తేదీ కొట్టి అక్కడి నుంచి తీసుకోవాలి. చిక్కంతా ఇక్కడే. ఫుట్‌పాత్ మీది పిల్లల పుట్టిన తేదీ మనం అంచనాగా వేసిందే ఉంటుంది. మీరు జూన్ 1 అని వేస్తారు, అవతలివాళ్లు తల్లిని మళ్లీ అడిగి వేరే తేదీ వేస్తారు. రెండూ కలవవు. అప్పుడు విసుగొచ్చి కొత్త పిల్లగా ఎంట్రీ చేసేస్తారు. అంతే, ఒక పిల్ల రెండు పేర్లయింది. పాత చోట డ్రాపవుట్, కొత్త చోట మొదటి తరగతి. మీ పాప విషయంలో ఇదే జరిగి ఉంటుందని నా అనుమానం.

ఆధార్ ఉన్న పిల్లల పెన్ తర్వాతైనా వెతికి పట్టుకోవచ్చు. లేనివాళ్లకు కాగితమే దిక్కు. చిన్న అట్ట ముక్క మీద పిల్ల పేరు, పెన్, మీరు నమోదు చేసిన పుట్టిన తేదీ, బడి యూడైస్ కోడ్, తరగతి రాసి, స్టాంపు వేసి, లామినేట్ చేయించి తల్లికి ఇవ్వండి. వానకు తడిసినా పాడవదు. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. రాష్ట్ర విద్యాశాఖ వెబ్‌సైటు చైల్డ్ ఇన్ఫోలో కూడా పేరు స్పెల్లింగ్ అదే ఉండాలి, ఒక్క అక్షరం తేడా వచ్చినా వెతకడం కష్టం.

ప్రశ్న అడిగిన టీచర్

చాలా థ్యాంక్స్ సార్. కార్డులు ఈ వారమే చేయిస్తాను. కానీ అసలు పిల్లలు ఎక్కడున్నారో తెలిసేదెలా? ఫోన్ నంబర్లన్నీ స్విచ్ ఆఫ్.

జవాబు: నైట్ షెల్టర్‌లో పనిచేసే వలంటీర్

అక్కా, వాళ్ల ఫోన్ మారుతుంది కానీ వాళ్లకు తెలిసినవాళ్లు మారరు. చేర్చుకునేటప్పుడే మూడు సంగతులు అడగండి: రాత్రి ఎక్కడ పడుకుంటారు, పగలు అమ్మానాన్న ఏ పని మీద ఎక్కడ ఉంటారు, కనిపించకపోతే ఎవరిని అడగాలి. మూడోదానికి జవాబు సాధారణంగా చాయ్ కొట్టాయనో, పార్కింగ్ దగ్గర కూర్చునే ఆయనో, షెల్టర్ కేర్‌టేకరో అవుతారు. ఆ నంబర్ రాసుకోండి. సొంతూరు కూడా రాసుకోండి, పండక్కి ఊరెళ్లి అక్కడే ఉండిపోయేవాళ్లు చాలామంది.

ఇంకో విషయం ఎవరూ పట్టించుకోరు. జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ అని పోలీసులు పిల్లల్ని వెతికి కాపాడే డ్రైవ్‌లు జరుగుతాయి. అప్పుడు రోడ్డు మీద దొరికిన పిల్లల్ని బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరుస్తారు, కొందరు హోమ్‌కు వెళ్తారు. బడికి కబురు రాదు. ఆ నెలల్లో పిల్ల హఠాత్తుగా మాయమైతే జిల్లా బాలల పరిరక్షణ విభాగాన్ని తప్పకుండా అడగండి. దొరికితే పెన్ వివరాలు హోమ్‌కు పంపండి, అక్కడి బడిలో అదే తరగతిలో కొనసాగుతుంది. పిల్ల ప్రమాదంలో ఉందనిపిస్తే వెంటనే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

దయచేసి ఈ వివరాలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. ఆడపిల్ల రాత్రి ఏ ఫ్లైఓవర్ కింద పడుకుంటుందో పదిమందికి తెలియడం మంచిది కాదు. క్లాసులో కూడా ఫుట్‌పాత్ పిల్లలు అని ఎవరూ పిలవకుండా చూడండి. ఆ మాట విన్న రోజు నుంచి బడి మానేసిన పిల్లలు నాకు తెలుసు.

జవాబు: తొలిమెట్టు (చదవడం, లెక్కల్లో పునాది వేసే రాష్ట్ర కార్యక్రమం) శిక్షణ ఇచ్చిన టీచర్

మార్కుల సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఖాళీ ఎఫ్‌ఏ గడిలో సున్నా వేయకండి, అంచనాగా నాలుగు మార్కులు కూడా వేయకండి. రాయలేదు అంటే రాయలేదనే. సున్నా వేస్తే పిల్లకు రాదని అర్థం. అంచనా మార్కు వేస్తే వచ్చని అర్థం. రెండూ అబద్ధాలే, తర్వాతి టీచర్ వాటినే నమ్ముతారు.

వీళ్లకోసం ఒక విడి నోట్‌బుక్ పెట్టండి. పిల్లకో పేజీ. తొలిమెట్టు బేస్‌లైన్‌లో, అంటే మొదట పిల్లల స్థాయి చూసే పరీక్షలో ఎలా చూశారో అలాగే చదవడంలో అక్షరాలు, పదాలు, వాక్యాలు, పేరా. లెక్కల్లో సంఖ్యలు గుర్తించడం, కూడిక, తీసివేత. పిల్ల ఎక్కడుందో, చూసిన తేదీతో సహా రాయండి. దాని పక్కనే, కిందటిసారి చూసినప్పటి నుంచి బడి ఎన్ని రోజులు నడిచింది, పిల్ల ఎన్ని రోజులు వచ్చింది అని కూడా రాయండి. ఈ రెండూ పక్కపక్కన లేకపోతే మొత్తం లెక్క పనికిరాదు.

ఉదాహరణకు ఒక పిల్ల జూలైలో పదాలు చదివింది. తర్వాత 40 పనిదినాల్లో 12 రోజులే వచ్చి, ఇప్పుడు వాక్యాలు చదువుతోంది. ఆ పిల్ల చురుకైనది, మనం చేయాల్సింది ఆమెను బడికి రప్పించడం. ఇంకో పిల్ల 35 రోజులు వచ్చి కూడా పదాల దగ్గరే ఆగింది. అక్కడ చూడాల్సింది మన బోధన, లేదంటే పిల్ల కళ్లు, చెవులు, ఆకలి, నిద్ర. ఉత్త మార్కులు చూస్తే ఇద్దరూ ఒకే సీ గ్రేడ్‌లో ఉంటారు. క్లాస్ సగటుతో వీళ్లను అసలు పోల్చకండి. ఎప్పుడొచ్చినా, నెల తర్వాత వచ్చినా సరే, మొదటి వారంలోనే కూర్చోబెట్టి స్థాయి చూడండి. ఆగిన చోటి నుంచే మొదలుపెట్టండి. పిల్ల వెళ్లిపోతే ఆ పేజీ ఫొటో తీసి కొత్త టీచర్‌కు మాత్రమే పంపండి.

జవాబు: డాలస్‌లో స్కూల్లో పనిచేసే హైదరాబాదీ

ఇక్కడి పద్ధతి ఒకటి చెబుతాను. 1987 నాటి మెక్‌కిన్నీ వెంటో చట్టం కింద ప్రతి స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఇల్లు లేని పిల్లల బాధ్యత చూసే ఉద్యోగి ఒకరుంటారు. కుటుంబం షెల్టర్ మారినా పిల్ల పాత బడిలోనే కొనసాగవచ్చు, రవాణా ఏర్పాటు చేయాలి. 2015లో ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ అనే విద్యా చట్టం వచ్చాక వీళ్ల చదువు ఫలితాలను రాష్ట్రాలు విడిగా ప్రకటించాలి. ఎవరిని అడగాలో తల్లికి తెలియడం, అదీ నాకు బాగా నచ్చిన విషయం.

జవాబు: సీఆర్పీ

మన దగ్గర ఆ ఉద్యోగం లేదు గానీ బాధ్యత రాసే ఉంది. విద్యాహక్కు చట్టం సెక్షన్ 9 ప్రకారం తన పరిధిలోని 14 ఏళ్లలోపు పిల్లల రికార్డు ఉంచడం, వలస కుటుంబాల పిల్లల్ని చేర్పించడం స్థానిక సంస్థ పని. మేడమ్, మీ జాబితా హెచ్‌ఎం సంతకంతో డిప్యూటీ ఐఓఎస్ (డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ స్కూల్స్) ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. నాకూ ఒక కాపీ ఇవ్వండి. చుట్టుపక్కల బడులన్నీ కలిసే మా స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో చుట్టుపక్కల బడుల హాజరు పట్టీలతో సరిచూద్దాం, సగంమంది అక్కడే దొరకొచ్చు.

ప్రశ్న అడిగిన టీచర్

చివరి సందేహం. వాళ్లలో ఒక అమ్మాయికి 13 ఏళ్లు. ఇప్పటిదాకా బడి ముఖం చూడలేదు. వచ్చే ఏడాది 14 దాటితే పంపించేస్తారా?

జవాబు: రిటైర్డ్ హెచ్‌ఎం

పంపకూడదమ్మా. సెక్షన్ 4 కింద చేరిన పిల్లకు 14 దాటినా ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఉచితంగా చదివే హక్కుంటుంది. మీది ప్రాథమిక పాఠశాల కాబట్టి ఆ అమ్మాయి కోసం సమగ్ర శిక్ష కింద నడిచే ప్రత్యేక శిక్షణ కేంద్రం గానీ, పట్టణ ఆశ్రమ పాఠశాల గానీ, కస్తూర్బా విద్యాలయం గానీ అడగండి. హాస్టల్ ఉన్నచోటైతే రాత్రి పడుకోవడానికి భద్రమైన చోటు కూడా దొరుకుతుంది. తల్లిని వెంట తీసుకెళ్లి చూపించండి, తను ఒప్పుకుంటేనే పిల్ల నిలుస్తుంది. సోమవారం ఆఫీసు తెరవగానే వెళ్లండి.